మేడ మీద మనుషులు

ఫోను చేసింది ఏలూరు రికార్డింగాయన వాళ్ల అమ్మాయి. కైకలూరు నుంచి.

"మేష్టారండీ, నాన్నగారు పోయారండీ. భూస్థాపన కూడా అయిపోయిందండీ. మీ నంబరు ఇప్పుడే దొరికింది, కేసెట్ అట్ట మీద రాసుంది. ఏమీ అనుకోకండి."

నేను కూర్చోవడానికి కుర్చీ వెతుక్కుంటున్నాను. ఆవిడ ఆగకుండా చెప్పుకుపోయింది.

"కంప్యూటరు మీద టవలు కప్పి ఉందండీ. నేను ముట్టుకోలేదు. ఆస్పత్రిలో ఉండగా రెండుసార్లు చెప్పారండీ, ఆ టవలు మేష్టారే తియ్యాలని. మీకు వీలవుద్దాండీ?"

ఆ టవలు నాకు తెలుసు. నీలం గళ్లది, ఒక మూల ఇస్త్రీపెట్టె కాల్చిన మచ్చ. నాలుగేళ్లలో దాన్ని ఎత్తడం ఎన్నోసార్లు చూశాను గానీ, ఎత్తింది ఎప్పుడూ ఆయనే. ఇంకొకరు చెయ్యి వేస్తే ఊరుకునే మనిషి కాదు.

ఏలూరులో ఆయన్ని అందరూ రికార్డింగాయన అనేవారు. పేరుతో పిలవగా నేను వినలేదు. ఒకప్పుడు స్పూలు టేపు మిషన్ సైకిలుకి కట్టుకుని డెల్టా అంతా తిరిగి చర్చి పాటలు, భజనలు, పెళ్లి మేళాలు రికార్డు చేసిన మనిషి. తరవాత కేసెట్ల కొట్టు పెట్టాడు. కేసెట్లు పోయాక కొట్టు మూసి, ఇంటి ముందుగదిలో కంప్యూటరు పెట్టుకుని ఒక వింత పనికి దిగాడు. మీరు ఇంటర్నెట్‌లో హై రిజల్యూషన్ అని చెప్పి కొనుక్కున్న పాట నిజంగా హై రిజల్యూషనేనా, లేక పాత సీడీనో ఎంపీత్రీనో పెద్ద సంచిలో వేసి అమ్మారా అన్నది చెప్పడం. అలాంటివి కొనే పిచ్చివాళ్లు మా జిల్లాలో ఎంతమంది ఉంటారు? పది మంది ఉంటే గొప్ప. అందులో నేనొకణ్ని.

తాడేపల్లిగూడెంలో జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను నేను. ధ్వని పాఠం ఇరవయ్యేళ్లు చెప్పాను గనక ధ్వని గురించి నాకు తెలుసనే పొగరు ఉండేది. ఒక వీణ కచేరీ ఫైలు కొన్నాను. అది దిగడానికి మా ఇంటి ఫోను లైను మీద రెండు రోజులు పట్టింది. స్టాఫ్ రూములో అందరికీ వినిపించి, "చూశారా, గాలి కూడా వినపడుతోంది" అని చెప్పుకున్నాను. గాలి మాట ఎలా ఉన్నా, ఏలూరులో ఒకాయనకి చూపించండని ఎవరో అన్నారు. చూపిస్తే పోయిందేముందని హార్డ్ డిస్కు ఒళ్లో పెట్టుకుని బస్సెక్కాను. ఉంగుటూరు, గుండుగొలను దాటేవరకూ ఆయన నన్ను ఎలా మెచ్చుకుంటాడో ఊహించుకుంటూనే కూర్చున్నాను.

కాలవ గట్టు పక్క సందులో పెంకుటిల్లు. గుమ్మంలో ముక్కాలిపీట మీద స్టీలు పళ్లెం. "వాచీ, తాళాలు, చిల్లర, అన్నీ ఇందులో వెయ్యండి. చప్పుడు చేసేవేవీ లోపలికి వద్దండీ" అన్నాడు. వేశాను. లోపల కిటికీలకి పాత బొంతలు బిగించి ఉన్నాయి. తలుపు మూసి, ఫ్యాను ఆపేశాడు. కంప్యూటరు తెర మీద టవలు కప్పి, పాట పెట్టాడు.

టవలు ఎందుకని అడిగాను. "కన్ను ముందు చూసేస్తే చెవి బద్ధకించుద్దండీ" అన్నాడు.

ఆయన కళ్లు మూసుకుని వినేవాడు కాదు. కళ్లు తెరిచి, తల వెనక్కి వాల్చి, పెంకుల వైపు చూస్తూ వినేవాడు. పైన ఎవరో నడుస్తుంటే అడుగుల చప్పుడు కోసం చెవి ఒగ్గినట్టు. ఆ ఇంటికి మేడ లేదు. అయినా ఆ చూపు చూస్తే నాకు కూడా పైకి చూడాలనిపించింది. చెమట మెడ మీంచి కారుతోంది. పావుగంట తరవాత పాట ఆపి, నెమ్మదిగా అన్నాడు.

"మేడ మీద ఎవరూ లేరండీ."

ఆయన టవలు ఎత్తి తెర చూపించాడు. పాట బొమ్మ అది. కింద బరువు ధ్వనులు, పైకి పోయేకొద్దీ సన్నటి ధ్వనులు. మనిషి చెవికి సెకనుకి ఇరవై వేల కంపనాల దాకా వినపడుతుందని నేను పిల్లలకి చెప్పేదే. సీడీ దానికి కాస్త పైన ఆగిపోతుంది. హై రిజల్యూషన్ ఫైలులో దానికి రెట్టింపు ఎత్తు దాకా చోటు ఉంటుంది. ఆ పై భాగాన్నే ఆయన మేడ అనేవాడు. నా ఫైలులో మేడ మొత్తం నల్లగా, ఖాళీగా ఉంది. కింది రంగులు ఒకచోట స్కేలు పెట్టి గీసినట్టు ఆగిపోయాయి.

"కొల్లేరు చూశారాండీ?" అని అడిగాడు. "మాది లంక గ్రామం. నీళ్లు ఎక్కడ ఆగాయో మా తాతని అడిగినా చెప్పలేడండీ. ముందు నీళ్లు, తరవాత తుంగ, తరవాత బురద, తరవాత గడ్డి. అసలు అంచంటే అదండీ. అదే చేపల చెరువు చూడండి, గట్టు దగ్గర ఠక్కున ఆగుద్ది. తిన్నగా ఆగిందంటే ఎవడో గట్టేశాడన్నమాట. మీ ఫైలుకి సీడీ దగ్గర గట్టేశారండీ."

"ఎలాగూ వినపడని దానికి ఇంత రాద్ధాంతం ఎందుకండీ?" అన్నాను. ఓడిపోయినవాడి మాట అది.

"ఉందని చెప్పి అమ్మారు కదండీ" అన్నాడు.

పాత కేసెట్లకి లోపల పెట్టే అట్టల కట్ట ఒకటి ఆయన దగ్గర మిగిలిపోయింది. అందులోంచి ఒకటి తీసి, తెల్లటి వైపున ఫైలు పేరు రాసి, కింద 'లేరు' అని రాసి, సంతకం పెట్టి ఇచ్చాడు. మంచి ఫైలయితే 'ఉన్నారు'. అంతే, ఇంకో ముక్క ఉండదు. బతిమాలినా, తిట్టినా, ఆ అట్ట మీద మాట మారేది కాదు. రెండు నెలలు ఆయన మీద అలిగాను. మూడో నెలలో ఇంకో ఫైలు పట్టుకుని మళ్లీ వెళ్లాను.

అలా నాలుగేళ్లు.

ఒక మధ్యాహ్నం, "ఒకటి వినిపిస్తానుండండి" అని పెట్టాడు. ఏమీ వినపడలేదు. స్పీకరు పని చేస్తోందా అని చూశాను. చేస్తోంది. గది నిండా నిశ్శబ్దం, ఆయన పెంకుల వైపు చూపు. అయిదు నిమిషాలు అలాగే కూర్చోబెట్టి, అప్పుడు టవలు తీశాడు. కింద దాదాపు ఏమీ లేదు. మేడ మీద మాత్రం జనం. ఏటవాలు గీతలు, గుంపులు గుంపులుగా, వాన పడుతున్నట్టు.

"మిషనరీల నాటి పాత చర్చండీ. ఆరాధన లేని పూట చూసి, మైకు పెట్టి, తలుపేసి బయటికొచ్చేశాను. లోపల ఒక్కరూ లేరు."

"మరి ఇవేంటండీ?" అన్నాను.

"గబ్బిలాలండీ. దూలాల్లో ఉంటాయి. అవి అరిచేది మనకి వినపడదు కదా."

హమ్మయ్య అనుకుని నవ్వాను. ఆయన నవ్వలేదు. తెర మీద ఒక మూల సన్నటి గీత ఒకటి, పొగ చారలాగా అడ్డంగా సాగి ఉంటే దాని మీద వేలు పెట్టాడు. "ఇది మాత్రం గబ్బిలం కాదండీ. ఏంటో నాకూ తెలీదు. ఆ తరవాత మూడుసార్లు వెళ్లి పెట్టాను. మూడుసార్లూ ఉంది."

ఆ రోజు బస్సులో కిటికీ పక్కన ఎండలో కూర్చున్నా గూడెం వచ్చేదాకా నాకు చలి తగ్గలేదు. ఫిజిక్స్ చెప్పుకునేవాణ్ని, సిగ్గు విడిచి రాస్తున్నాను.

పళ్లెం విషయంలో ఆయనకి ఒక్క మినహాయింపు ఉండేది. ఎవరైనా భర్తతో పాటు వచ్చి, పళ్లెం చూసి, గాజులు తియ్యబోతే కంగారుగా అడ్డుపడేవాడు. "అవి ఉండనివ్వండమ్మా, అవి తియ్యకండి" అని. వాచీ టిక్కు టిక్కుమంటే ఒప్పుకోని మనిషికి గాజులు ఎలా పనికొస్తాయో నాకు అర్థమయ్యేది కాదు. చివరి ఏడాదిలో ఆయనే చెప్పాడు.

కుర్రతనంలో ఒక చర్చి బృందం పాట రికార్డు చేశాడట. ఒకే గొంతు ముందు, మిగతావాళ్లు వెనక. ముందు పాడిన అమ్మాయి చేతికి నిండా మట్టిగాజులు. పాడుతూ చెయ్యి ఆడించే అలవాటు. "మొదటి టేకు అద్భుతంగా వచ్చిందండీ. అలాంటి పాట నేను మళ్లీ వినలేదు. పాట అయ్యాక నేనేం చేశానంటే, గాజుల గోల పడింది, తీసేసి మళ్లీ పాడండి అన్నాను. మొహం చిన్నబోయింది. తీసి, పెట్టుకోడానికి చోటు లేక నా చొక్కా జేబులో వేసింది. రెండో టేకు శుభ్రంగా వచ్చింది. శుభ్రంగానే వచ్చిందండీ, అంతే. ఆ గాజులు తిరిగివ్వడానికి వాళ్లింటికి వెళ్లాను కదా, ఏడాదిలో మా ఇద్దరికీ పెళ్లయిపోయింది." అక్కడ ఆయన కాస్త నవ్వాడు. ఆవిడ పోయి అప్పటికి ఏడేళ్లు.

కేసెట్టుకి రెండో టేకు వాడారు. రెండు టేకులూ ఉన్న అసలు స్పూలు కేసెట్లు వేసినవాళ్ల దగ్గరే ఉండిపోయింది. వాళ్లు దుకాణం ఎత్తేశారు. స్పూలు ఏమయిందో ఎవరికీ తెలియదు. ఆ మొదటి టేకు మళ్లీ వినాలన్నది ఒక్కటే ఆయనకి మిగిలిన కోరిక. వేరే ఏదీ కోరగా నేను వినలేదు.

సరిగ్గా ఆ ఏడే, పాత చర్చి పాటలు అమ్మే ఒక వెబ్‌సైటులో ఆ పాట కనపడింది. అసలు టేపు నుంచి తీసిన హై రిజల్యూషన్ అని రాసి పెట్టారు. నేనే నా కార్డు మీద కొని, దింపి, ఆయనకి ఇచ్చాను. అది నిజమైతే స్పూలు ఎక్కడో బతికి ఉంది. వెతుక్కుంటూ వెళ్లొచ్చు. అబద్ధమైతే అది ఏ కేసెట్టు నుంచో చేసిన ఎంపీత్రీ, స్పూలు పోయినట్టే.

నెల రోజులు గడిచినా ఆయన ఆ ఫైలు మీద టవలు ఎత్తలేదు. చివరికి ఫోను చేశాడు.

"మేష్టారూ, ఇది నేను చూడకూడదండీ. నా సొంతది కదా, తీర్పు సరిగ్గా రాదు. మీ దగ్గర కూడా ఫైలుంది. మీరు చూసి చెప్పండి. మీరేమంటే అదే రాస్తాను."

ఇంట్లో తెరిచి చూశాను. మేడ సంగతి దేవుడెరుగు, కింది ఇల్లే పూర్తిగా లేదు. పదహారు వేల దగ్గరే తిన్నగా గట్టు, అంటే ఎంపీత్రీ. అంతకన్నా నాసి సరుకు నేను చూడలేదు.

బస్సులో నాలుగు రకాలుగా చెప్పుకుని చూసుకున్నాను. గుమ్మంలో పళ్లెం, అందులో వాచీ వేశాను. ఆయన అప్పటికే కేసెట్ అట్ట, పెన్ను పట్టుకుని కూర్చుని ఉన్నాడు. పెన్ను మూత తీసి ఉంది. ఆ పెన్ను చూసి నేను అనుకున్నవన్నీ మర్చిపోయాను.

"ఉన్నారండీ" అన్నాను.

"అంచు ఎలా ఉందండీ?"

"కొల్లేరు అంచులాగే ఉందండీ. ఎక్కడ ఆగిందో తెలియట్లేదు."

నా మొహంలోకి చూశాడు. అట్ట మీద ఏమీ రాయకుండా జేబులో పెట్టుకున్నాడు. "అయితే సరేనండి" అని లేచి టీ పెట్టడానికి వెళ్లాడు. ఎవరికీ ఒక్క అబద్ధపు ముక్క రాసివ్వని మనిషికి నేను ఎదురుగా కూర్చుని అబద్ధం చెప్పాను. ఆయనంటే నాకు ప్రేమ, అందుకు చెప్పాను. అంతకన్నా సమాధానం లేదు.

మళ్లీ రెండు నెలలకి వెళ్లాను. తలుపు కొట్టబోతూ ఆగిపోయాను. లోపలి నుంచి గాజుల చప్పుడు. ఆగి ఆగి, రెండు మూడేసి గాజులు. మధ్యలో సన్నగా ఆ పాట. మళ్లీ గాజులు. లోపల ఒక ఆడమనిషి పాడుకుంటూ పని చేసుకుంటున్నట్టు ఉంది. పక్క అరుగు మీద పప్పు ఏరుకుంటున్నావిడ నన్ను చూసి గొంతు తగ్గించింది.

"ఆవిడ ఉందండీ లోపల."

"ఆవిడ పోయి ఏడేళ్లయిందంటున్నారు కదండీ?"

"అదేగదండీ నేను చెప్పేది. మేం ఆ గోడవేపు మంచం కూడా తీసేశాం."

అయినా తలుపు కొట్టాను. చప్పుడు ఆగింది. ఆయన తలుపు ఓరగా తీశాడు. చొక్కా చెమటకి తడిసిపోయి ఉంది. ఆయన భుజం మీంచి చూశాను. గదిలో ఎవరూ లేరు. "ఇవాళ లోపల కుదరదండీ, గది సర్దుకోలేదు" అని అరుగు మీదే కూర్చోబెట్టి టీ ఇచ్చాడు. మనిషి చాలా చిక్కిపోయాడు గానీ మొహం మాత్రం తేటగా ఉంది. గాజుల సంగతి నేను అడగలేదు. ఆయనా ఎత్తలేదు. ఆయన్ని చూడడం అదే ఆఖరు.

అమ్మాయి ఫోను చేసిన మర్నాడు మధ్యాహ్నం ఏలూరు వెళ్లాను. ఆవిడ భర్తకి కైకలూరులో ఐసు కొట్టు. ఆ పని వదిలి రాలేక ఆవిడ ఒక్కతే ఇల్లు ఖాళీ చేయడానికి వచ్చింది. గుమ్మంలో పళ్లెం అలాగే ఉంది. ఎవరూ అడగకుండానే వాచీ తీసి వేశాను. తలుపు మూశాను. ఫ్యాను ఆపాను.

"ఉక్కగా ఉందండీ" అంది ఆవిడ.

"కాసేపేనమ్మా."

టవలు ఎత్తాను. తెర అంచుకి ఒక కేసెట్ అట్ట అంటించి ఉంది. ఆయన చేతిరాత. ఆ చర్చి పాట పేరు. కింద 'ఉన్నారు'. సంతకం చోట ఆయన పేరు లేదు. 'తాడేపల్లిగూడెం మేష్టారు చెప్పినట్టు' అని ఉంది. అది చదివి సిగ్గుతో చచ్చిపోయాను. నా అబద్ధాన్ని నమ్మి పోయాడే అనుకున్నాను.

కంప్యూటరు పెట్టాను. తెర మీద ఒకే ఒక్క ఫైలు. తెరిచి బొమ్మ చూశాను. కింద నాకు తెలిసిందే, పదహారు వేల దగ్గర ఆ దిక్కుమాలిన గట్టు. కానీ దాని పైన ఖాళీగా లేదు. నిలువు గీతలు, దారాల్లాంటివి, రెండు మూడేసి కలిసి, గట్టు దాటి, సీడీ ఎత్తు దాటి, మేడ చివరి దాకా లేచి ఉన్నాయి. ప్రతి చరణం చివరా ఉన్నాయి.

ఆవిడ నా పక్కన నిలబడి బల్ల మీద పెట్టి ఉన్న మైకు దగ్గర్నుంచి పౌడరు డబ్బా తీసింది. మూత తెరిచి, "అమ్మ గాజులండీ. వీటి కోసం బీరువా అంతా వెతికాను. ఇక్కడెందుకున్నాయి?" అంది. ఆకుపచ్చ మట్టిగాజులు. ఒకటి విరిగి ఉంది.

అప్పుడు తెలిసింది నాకు. ఆయన నా మాట ఒక్క క్షణం కూడా నమ్మలేదు. నెల రోజులు ఆ పాట విన్న చెవికి అది నకిలీ అని తెలియకుండా ఉంటుందా? చెవితో తెలిసిపోయింది గనకే టవలు ఎత్తలేకపోయాడు. నా నోటి నుంచి వచ్చిన తప్పుడు మాట తప్పుగా మిగిలిపోవడం ఇష్టం లేక, రెండు నెలలు కూర్చుని దాన్ని నిజం చేశాడు. జీవితమంతా నకిలీలు పట్టుకున్న మనిషి, ఖాళీ మేడ మీదికి ఆవిడ గాజులు పంపించాడు.

"పాట పెట్టనాండీ?" అంది. ఆవిడే పెట్టింది.

ముందు పాట రాలేదు. నిశ్శబ్దం. తరవాత ఆయన గొంతు. రికార్డింగు మొదలెట్టేటప్పుడు చెప్పే గొంతు, కొంచెం అధికారంగా, కొంచెం మర్యాదగా.

"మొదటి టేకు. గాజులు ఉండనివ్వండి, పర్వాలేదు. పాడండి."

ఆ మాట పూర్తి కాకముందే గాజులు గలగలమన్నాయి. పాట మొదలైంది.

ఆవిడ పౌడరు డబ్బా గుండెకి పట్టుకుని కింద కూర్చుండిపోయింది. నేను మాత్రం తెర దగ్గరే ఉండిపోయాను. ఆయన దగ్గర నాలుగేళ్లు నేర్చుకున్న చెవి ఊరుకోనివ్వలేదు. ఆయన గొంతు మైకుకి దూరంగా, గది ఆ చివర తలుపు దగ్గర నుంచి వస్తోంది. గాజులు మైకు ముందే ఉన్నాయి. రెండూ ఒకే క్షణంలో. మనిషి ఒక్కడు. రెండుసార్లు రికార్డు చేసి కలిపి ఉంటాడు, అంతేగా. కలిపితే అతుకు ఉంటుంది. అతుకు ఎలా పట్టుకోవాలో నాకు నేర్పిందే ఆయన. ఆ చోటు ఎంత పెద్దది చేసి చూసినా, ముందుకీ వెనక్కీ ఎన్నిసార్లు జరిపినా, అతుకు కనపడలేదు.

పాట అయిపోయింది. పెంకుల మీద ఎక్కడో కాకి నడుస్తున్న చప్పుడు. ఆవిడ కళ్లు తుడుచుకుని నన్ను అడిగింది. ఆ ఇంట్లో పెరిగిన పిల్ల గనక వాళ్ల నాన్న మాటలోనే అడిగింది.

"మేడ మీద ఉన్నారాండీ, మేష్టారూ?"

తెర కేసి మరొక్కసారి చూశాను. తల వెనక్కి వాల్చి పెంకుల కేసి చూశాను. ఈ గదిలో ఇదివరకు ఒకసారి చెప్పిన మాటే మళ్లీ చెప్పాను. ఈసారి అబద్ధం కాదు.

"ఉన్నారమ్మా. ఇద్దరూ ఉన్నారు."